మూఢంలో తీసిన సినిమాలు

చిట్టీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నీ మాటల కోసం, రెండోసారి వెనకాల తిరుగుతున్న ఫ్యాన్ చప్పుడు కోసం. డాక్యుమెంటరీలు తీస్తానంటున్నావు కదా, ముందు ఫ్యాన్ ఆపడం నేర్చుకో.

సినిమాలా, ఫోటోలా, పిల్లలకి నేర్పడమా, ఏదో ఒకటి తేల్చుకోమని అందరూ అంటున్నారు, నువ్వేమంటావు పెద్దమ్మా అని అడిగావు. నన్ను కూడా నలభై ఏళ్ళ నుంచి ఇదే అడుగుతున్నారు. మీ తాతగారైతే పోయేదాకా అడిగారు. నేను ఏదీ తేల్చుకోలేదు. తేల్చుకోకుండా ఎలా బతికానో చెప్తాను, అందులో నీకు పనికొచ్చేది తీసుకో.

ముందు డబ్బు సంగతి. దాన్ని చివరికి నెట్టే సలహాల్ని నేను నమ్మను. 1982లో మీ తాతగారి స్నేహితుడి స్టూడియోలో, భీమవరంలో, పనికి చేరాను. ఆడపిల్లల పెళ్ళిచూపుల ఫోటోలు తీయడానికి ఆడమనిషి ఉంటే తల్లిదండ్రులకి ధైర్యం, అందుకని పెట్టుకున్నారు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొటిమలు, మచ్చలు సరిచేయడం నా పని. గంటల తరబడి ఒక్కో మొహాన్ని తలకిందులుగా, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా చూసేదాన్ని. మనిషి మొహం చదవడం నాకు అక్కడే వచ్చింది. తర్వాత పెళ్ళిళ్ళు. పెళ్ళి ఫోటోలంటే మీ కాలేజీలో ముక్కు విరుస్తారని విన్నాను. విరవనీ. ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళిళ్ళు తీసేదాన్ని, మూఢం, ఆషాఢం, శూన్యమాసాల్లో నా సొంత పని చేసుకునేదాన్ని. పంచాంగమే నా ప్రొడ్యూసరు. ఇప్పటికీ గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో వస్తోందంటే నాకు సెలవులొచ్చినంత సంతోషం. నీకు వచ్చిన ఎడిటింగ్ ఉద్యోగం వదలకు. అందులో నీకు మూఢం ఎప్పుడొస్తుందో మాత్రం చేరేముందే అడిగి తెలుసుకో.

ఇక అసలు సంగతి. నేను ఒక సినిమా తీసి ఒక ఇల్లాలిని ఏడిపించాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళ మీద తీశాను, 1996లో. నీకు తెలుసుగా ఆ పని. గడప దాటకుండా, వంటకీ వంటకీ మధ్య, ఒక క్రోషా సూది, ఒక దారం ఉండ. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లింది తీసుకెళ్తాడు. అది విదేశాలకి పోతుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం దాన్ని పని అనరు, ‘ఖాళీగా కూర్చుని అల్లుకుంటుంది’ అంటారు. మగ్గానికైతే చప్పుడుంటుంది, వీధిలో పోయేవాడికి కూడా పని జరుగుతోందని తెలుస్తుంది. లేసుకి చప్పుడే లేదు. ఆ చప్పుడు లేకపోవడాన్నే సినిమాలో చూపించాలనుకున్నాను.

ఒకావిడ నాతో బాగా కలిసిపోయింది. మూడో రోజు, కెమెరా తిరుగుతుండగానే, అల్లిక డబ్బులో కొంచెం బియ్యం డబ్బా అడుగున దాస్తానని నవ్వుతూ చెప్పింది. ఎంత అందమైన ముక్క అనుకున్నాను. ఎడిటింగ్‌లో దాన్ని చివర పెట్టాను. సినిమా ఊళ్ళో వేస్తే బావుంటుందని గుడి దగ్గర తెర కట్టి వేశాం. మొగుడు ముందు వరసలో కూర్చున్నాడు. మిగతాది నేను రాయనక్కర్లేదు.

ఆవిడ సంతకం నా దగ్గర ఉంది. కాగితం ప్రకారం నా తప్పు లేదు. కానీ ఆ కాగితంలో ‘మీ ఆయన పక్కన కూర్చుని ఇది చూస్తాడు, ఫర్వాలేదా’ అన్న ప్రశ్న లేదు. అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ఎడిటింగ్ సగంలో ఉండగానే, సినిమాలో ఉన్న మనిషికి ఒక్కరికే, ఇంట్లో ఎవరూ లేని టైములో చూపిస్తాను. తీసెయ్యమంటే తీసేస్తాను, కారణం అడగను. సంతకం అప్పుడు తీసుకుంటాను, షూటింగ్ మొదటి రోజున కాదు. చదువు రానివాళ్ళకి కాగితం పైకి చదివి వినిపించి, వాళ్ళ మాటల్లోనే ఒప్పుకోలు రికార్డు చేసుకుంటాను. ఇలా చేస్తే మంచి ముక్కలు పోతాయి. నాకు పోయాయి, ఇప్పటికీ రెండు మూడు గుర్తొస్తే కడుపులో మంటే.

ఇదేదో నేను కనిపెట్టిన పద్ధతి అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, 1967లోనే కెనడా ఫిల్మ్ బోర్డు వాళ్ళు ఫోగో అనే ద్వీపంలో ఇలా చేశారని. ద్వీపం ఖాళీ చేసి వేరే చోటికి వెళ్ళమని అక్కడి జాలర్ల మీద ప్రభుత్వం ఒత్తిడి తెస్తున్న రోజులు. చిన్న చిన్న సినిమాలు తీసి, ముందు వాళ్ళకే చూపించి, వద్దన్నది తీసేసే హక్కు వాళ్ళకే ఇచ్చారు. ఒక పల్లె వాళ్ళ మాట ఇంకో పల్లె వాళ్ళు తెర మీద విన్నారు. ఆ జనం సహకార సంఘం పెట్టుకుని అక్కడే నిలబడ్డారు. సినిమాల వల్లే నిలబడ్డారని నేను అనను. కానీ తీసింది వెనక్కి పట్టుకెళ్ళి చూపించడంతో ఏదో కదిలింది.

ఫోటోలకీ ఇదే. ఎవరిని ఫోటో తీసినా ఒక ప్రింటు వాళ్ళకి చేరాలి. వాట్సాప్‌లో పంపితే అయిపోయిందనుకోకు, ఫోను పాడైతే అదీ పోతుంది. ప్రింటు వేయించి, చేతికి ఇచ్చి, ఒక టీ తాగి రా. ఆ టీ దగ్గరే వాళ్ళు అసలు కథ చెప్తారు. నా సినిమాల్లో సగం అలా రెండోసారి వెళ్ళినప్పుడు పుట్టినవే.

నేర్పడం గురించి నువ్వు ‘టైము ఉంటే చేస్తాను’ అన్నావు. అది నాకు నచ్చలేదు. 2003 నుంచి తీరంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి నెలకి రెండు శనివారాలు వెళ్ళాను. చేపలు పట్టేవాళ్ళ పిల్లలు. మొదటి రెండు క్లాసులు కెమెరా ఇవ్వకు. అట్టముక్కలో చిన్న కిటికీ కోసి, దాంట్లోంచి ఇల్లంతా చూసి రమ్మను. తర్వాత ఐదుగురికి ఒక కెమెరా. తీసింది ఏదీ డిలీట్ చేయకూడదు, అదొక్కటే రూలు.

ఏడో తరగతి పిల్ల ఒకతి, తెచ్చిన ఫోటోల్లో ఎవరికీ తలకాయల్లేవు. అన్నీ చేతులు, గంపలు, చీర కుచ్చెళ్ళు. నేను ఫ్రేమింగ్ గురించి పెద్ద లెక్చర్ ఇచ్చాను. అది నోరు మెదపకుండా విని, ‘నేను గంప పక్కన కూర్చుంటానండీ’ అంది. తల్లి చేపలమ్ముతుంటే అది పక్కన నేల మీద కూర్చుంటుంది. అక్కణ్ణుంచి మనుషులకి తలకాయలుండవు, డబ్బులిచ్చే చేతులుంటాయి. ఆ తర్వాత నా కెమెరా నేల మీదికి దిగింది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఉన్నారు, పొలం పనులు చేసుకునే దళిత ఆడవాళ్ళు. కెమెరా పట్టడం నేర్చుకుని సినిమాలు తీశారు, 2008 నుంచి సంఘం రేడియో నడిపారు. షాట్లకి వాళ్ళు వాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, అంటే ఊరి భూస్వామి చూపు. కళ్ళకి కళ్ళు సమానంగా ఉండేది సంఘం షాట్, సంఘంలో అందరూ సమానమే కాబట్టి. మీ సిలబస్‌లో ఈ మాటలు లేకపోతే నోట్సులో నువ్వే రాసుకో.

కెమెరాలకి డబ్బుల్లేని స్కూలైతే సయనోటైప్ చేయించు, అంటే కెమెరా లేకుండా ఎండతో కాగితం మీద వేసే నీలం బొమ్మ. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్, ఈ రెండే కావాలి. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతి. నీడ గదిలో నువ్వే కలుపు, చేతులకి గ్లౌజులు వేసుకో, పిల్లల చేత కలిపించకు. కాగితానికి బ్రష్‌తో పూసి, ఆరాక, మీద వేపాకో, చేపల వల ముక్కో పెట్టి ఎండలో ఉంచి, నీళ్ళలో కడిగితే నీలం తేలుతుంది. మా స్కూల్లో బోరు నీళ్ళతో కడిగితే నీలం వెలిసిపోయింది. రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నాను. క్షారం ఉన్న నీళ్ళలో ఆ నీలం నిలవదట. బకెట్‌లో నిమ్మకాయ పిండితే సరిపోయింది. ఆ ఉపాయం సైన్సు మాస్టారు చెప్పారు, క్రెడిట్ నేను కొట్టేశాను.

చిన్న చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. షూట్ చేసింది మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో. మా ఇంట్లో పెట్టుకో, బీరువా ఖాళీగానే ఉంది. కెమెరా కంటే ముందు మంచి మైకు కొను. ఏ గదిలో షూట్ చేసినా, వచ్చేముందు అందరినీ ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చోబెట్టి ఆ గది చప్పుడు రికార్డు చెయ్యి, ఎడిటింగ్‌లో నాకు దణ్ణం పెడతావు. ఫెస్టివల్స్‌కి పంపు, కేరళలోదీ ముంబయిలోదీ తప్పకుండా పంపు, కానీ సెలెక్ట్ కాకపోతే టెన్షన్ పడకు. నావి ఎక్కువసార్లు కాలేదు.

కార్తీకంలో నువ్వొస్తానన్నావుగా, నాకో పని చేసిపెట్టాలి. బీరువా కింది అరలో ఖాకీ కవరు ఉంది. లేసు సినిమా అప్పుడు తీసిన ప్రింట్లు, ఎవరివి వాళ్ళకి ఇవ్వకుండా మిగిలిపోయినవి, పదకొండు. వెనకాల పెన్సిల్‌తో పేరు, వీధి రాసి ఉన్నాయి. వాటిలో బియ్యం డబ్బా ఆవిడది కూడా ఉంది, వాకిట్లో నవ్వుతూ నిలబడింది. మోకాళ్ళ నెప్పులతో ఇప్పుడు నేను అన్ని వీధులూ తిరగలేను. పొద్దున్న రైలుకి నర్సాపురం పోదాం, నేను స్టేషన్లో కూర్చుంటాను, నువ్వు ఇచ్చి రా. ఆవిడ ఇంటికి మాత్రం నేనూ వస్తాను.

పెద్దమ్మ