లేటెస్ట్‌లో దాక్కున్న టెస్ట్

ప్రశ్న: మా బిల్డ్ స్క్రిప్టు (సోర్సు ఫైళ్ల నుంచి ప్యాకేజీ తయారుచేసే ఆజ్ఞల ఫైలు) నాకు ముందు పనిచేసినవారు రాసింది. వివరణ ఒక్క ముక్కా లేదు. వెర్షన్‌ను 1.2 నుంచి 1.3కి మార్చి ప్యాకేజీ తయారుచేస్తే ‘లేటెస్ట్’ అనే పేజీ మాయమైంది. సెట్టింగుల ఫైలులో 152 అని ఉన్న వెడల్పు 1.3గా మారింది. సోర్సులో అన్నీ సరిగానే ఉన్నాయి, ఎర్రర్ కూడా రాలేదు. ఇది వైరస్ పనా?

జవాబు: వైరస్ కాదు. మీ స్క్రిప్టులో ‘టెస్ట్’ ఉన్న ఫైళ్లను వదిలేయమనే గ్రెప్ (అక్షరాలు వెతికి వరుసలను ఏరే కమాండ్) వరుస ఒకటి ఉండి ఉంటుంది, వెతకండి. గ్రెప్‌కు మాటల అర్థం తెలియదు, అక్షరాల వరుసే తెలుసు. ఇంగ్లిష్ స్పెల్లింగులో లేటెస్ట్ చివరి నాలుగు అక్షరాలూ టెస్టే. కాంటెస్ట్, అటెస్టేషన్ అనే ఫైళ్లున్నా ఇదే గతి. పైగా ఫైలు పేరునే కాక ఫోల్డర్లతో కలిపిన పూర్తి పాత్‌ను వడకడుతుంటే, పై ఫోల్డరు పేరులో టెస్ట్ ఉన్నా చాలు, ప్యాకేజీ మొత్తం ఖాళీ. ‘నా కంప్యూటర్లో బాగానే ఉందే’ అనే వాదాలు కొన్ని ఇక్కడే పుడతాయి.

గ్రెప్ 1973 నాటిది. ఈడీ అనే ఎడిటర్లో వెతికి చూపించే ఆజ్ఞే దాని పేరయింది. చూపించడానికి పుట్టిన సాధనాన్ని ఎవరూ చూడని చోట కూర్చోబెట్టాం. అందుకే నా మొదటి సలహా: వడపోత వదిలేసిన ప్రతి ఫైలు పేరునూ బిల్డ్ లాగ్‌లో ముద్రించండి. ఆ తర్వాత ప్యాటర్న్‌ను ‘టెస్ట్స్’ ఫోల్డరుకో, ఫైలు పేరు చివరి భాగానికో కట్టేయండి. ఆ వరుస ఎందుకు చేరిందో, ఏ వరుస ఎవరు ఎప్పుడు చేర్చారో చూపే గిట్ బ్లేమ్‌లో దొరకవచ్చు. తెలిసేదాకా తీసేయకండి.

ఇక 152 సంగతి. మీ స్క్రిప్టు సెడ్ (వెతికి మార్చే కమాండ్) వంటి దానితో 1.2ను వెతికి 1.3 చేస్తూ ఉండాలి. ఇలా వెతకడానికి రాసే నమూనానే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చుక్క అంటే చుక్క కాదు, ఏదో ఒక అక్షరం. కాబట్టి 1.2 అన్న ప్యాటర్న్‌కు 152, 112 రెండూ దొరుకుతాయి. 2152 ఉంటే 21.3 అవుతుంది! చుక్క ముందు బ్యాక్‌స్లాష్ పెట్టమని చాలామంది చెబుతారు. అది సగం మందు. అప్పుడు కూడా 11.25 అనే విలువ 11.35 అవుతుంది.

అసలు వెర్షన్ అంకెను వెతికి మార్చడమే మానేయండి. టెంప్లేట్‌లో @వెర్షన్@ వంటి గుర్తు పెట్టి, బిల్డ్ సమయంలో దాన్నే నింపండి. ఆటోకాన్ఫ్, సీమేక్ అనే బిల్డ్ సాధనాలు చేసేది ఇదే. అయితే సీమేక్‌కు ‘@ఓన్లీ’ అని చెప్పాలి. లేకపోతే డాలర్ గుర్తు తర్వాత మీసాల బ్రాకెట్లలో ఉన్న పేర్లనూ తనవే అనుకుంటుంది. టెంప్లేట్ షెల్ స్క్రిప్టయితే, అందులోని సొంత పేర్లూ అలాగే ఉంటాయి కాబట్టి, వాటి స్థానంలో చడీచప్పుడు లేకుండా ఖాళీ మిగులుతుంది.

ప్రశ్న: లినక్స్‌లో నడిచే సెడ్ వరుస మ్యాక్‌లో ఎర్రర్ ఇస్తోంది. కారణం?

జవాబు: ఫైలును అక్కడికక్కడే మార్చే ‘ఐ’ ఆప్షన్ వాడుతుంటే, మ్యాక్‌లోని సెడ్ దాని తర్వాత బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ తప్పనిసరిగా అడుగుతుంది. ఖాళీ లేకుండా ఐ పక్కనే ‘.బాక్’ అతికించండి. రెండింటిలోనూ నడుస్తుంది, పాత ఫైలూ చేతిలో ఉంటుంది. మొదటి ప్రశ్న పంపినవారు కూడా ఆ పాత ఫైలును కొత్తదానితో డిఫ్ చేసి (తేడాలు పోల్చి) చూసుకోవచ్చు.