నోస్ఫెరాటు డిస్క్ కొనే ముందు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నీ హాస్టల్ స్నేహితులందరినీ కూర్చోబెట్టి 'నోస్ఫెరాటు' చూపిస్తానని, ఏ డిస్క్ కొనమంటారని అడిగావు. ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం. నీ ప్రశ్న వినగానే ముచ్చటేసింది కూడా. నువ్వుంటున్న హాంబర్గ్ నుంచి ఆ సినిమా తీసిన ఊళ్ళకు రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు పేరు దగ్గర జాగ్రత్త. ఇదే పేరుతో 1979లో వెర్నర్ హెర్జోగ్ ఒకటి తీశాడు, 2024లో రాబర్ట్ ఎగ్గర్స్ ఇంకొకటి తీశాడు. రెండూ చూడదగ్గవే, కానీ నువ్వడిగింది వాటి గురించి కాదు. నీకు కావలసింది 1922 నాటి మూకీ, ఎఫ్.డబ్ల్యు. ముర్నావ్ తీసింది. అమెరికాలో దాని మీద ఎవరికీ హక్కులు లేవు కాబట్టి ఎవరు పడితే వాళ్ళు అరిగిపోయిన ప్రింటు ఒకటి పట్టుకొచ్చి డిస్కులు వేసి అమ్మేశారు. వాటి అట్టల మీద కూడా 'రిస్టోర్డ్', 'రీమాస్టర్డ్' అని పెద్ద పెద్ద అక్షరాలుంటాయి. ఆ మాటలకు ఏ విలువా ఇవ్వకు. అట్ట తిప్పి వెనకవైపు చిన్న అక్షరాలు చదువు. ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ ముర్నావ్ ఫౌండేషన్ పేరు, 2005-06 పునరుద్ధరణ అన్న మాట కనిపించాలి. వీస్‌బాడెన్‌లో ఉన్న ఈ సంస్థ పాత జర్మన్ సినిమాలను కాపాడుతుంది. లూచియానో బెరియాతువా అనే స్పానిష్ పరిశోధకుడి ఆధ్వర్యంలో, ఇటలీలోని బొలోన్యా ల్యాబ్‌లో ఆ పని జరిగింది. బ్రిటన్‌లో యురేకా అనే డిస్కుల కంపెనీ వాళ్ళు 2013లో వేసిన బ్లూరే దాని నుంచి వచ్చిందే. నేనైతే అదే కొనమంటాను.

ఒక్క సినిమాకి ఇంత హంగామా ఎందుకని నీ స్నేహితులు అడుగుతారు. వాళ్ళకి కోర్టు కథ చెప్పు. బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాక్యులా' నవలని అనుమతి తీసుకోకుండా, పేర్లు మార్చి తీశారు. తీసింది ప్రానా ఫిల్మ్ అనే చిన్న కంపెనీ. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కేసు వేసింది. కంపెనీ అప్పటికే దివాలా తీసింది, డబ్బు రాదని తేలింది. 1925లో జర్మన్ కోర్టు నెగటివ్, ప్రింట్లు అన్నీ నాశనం చేయమంది. అయితే అప్పటికే కొన్ని కాపీలు దేశం దాటిపోయాయి. సినిమా బతికింది వాటివల్లే.

పునరుద్ధరణకి ప్రధాన ఆధారం పారిస్‌లో పాత సినిమాలు దాచే సంస్థ సినిమాథెక్ ఫ్రాంసేజ్ దగ్గరున్న 1922 నాటి రంగు వేసిన ప్రింటు. అందులో లేని షాట్లను చెక్ ఎగుమతి ప్రింటు నుంచి 1939లో తీసిన కాపీలోంచి తెచ్చారు. ఇంకొన్ని, సినిమాని మార్చి వేరే పేరుతో వదిలిన 1930 నాటి ప్రింటులోంచి. అందుకని ఒక షాట్ పదునుగా ఉండి, పక్క షాట్ కాస్త మసగ్గా కనిపిస్తే డిస్కుని తిట్టకు. గీతలూ అక్కడక్కడా ఉంటాయి. గీతల్లేకుండా నున్నగా తుడిచేసిన పాత సినిమా కనిపిస్తే నాకు అనుమానం వస్తుంది, గీతలతోపాటు మొహాల్లో ముడతలు కూడా తుడిచేశారేమోనని.

ఇక్కడ ఒక్క మాట. మనవాళ్ళలో ఆర్. ప్రకాశ్ మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తీసింది సరిగ్గా ఆ రోజుల్లోనే, 1921 ప్రాంతంలో. దాన్ని తగలబెట్టమని ఏ కోర్టూ అనలేదు. అయినా ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. నాశనం చేయమన్న సినిమా నీ చేతిలో డిస్కుగా ఉంది, ఎవరూ ఏమీ అనని మన సినిమా పోయింది. నాకు తలుచుకున్నప్పుడల్లా కడుపు మండుతుంది.

ఇక అసలు విషయం, రంగు. డిస్క్ కొన్నాక నువ్వు మొదట చూడాల్సింది ఇదే. నలుపు తెలుపు సినిమాకి రంగేమిటని అనుకోకు. ఆ రోజుల్లో రాత్రిపూట వీధుల్లో షూటింగ్ చేసేంత చురుకైన ఫిల్మ్ లేదు. రాత్రి సీన్లు కూడా పగలే తీసేవాళ్ళు. ప్రింటు తయారయ్యాక ఆ ముక్కల్ని నీలం రంగులో ముంచేవాళ్ళు. పగలు, దీపాల వెలుతురు ఉన్న గదులు పసుపు. తెల్లవారుజాము గులాబీ. ప్రేక్షకుడు నీలం చూడగానే రాత్రి అని అర్థం చేసుకునేవాడు. తర్వాతి కాలంలో ఆ ప్రింట్ల నుంచి మామూలు నలుపు తెలుపు ఫిల్మ్ మీదకి కాపీలు తీశారు. రంగు పోయింది, దాంతో రాత్రి కూడా పోయింది.

వేరే సినిమా అయితే దీనివల్ల పెద్ద నష్టం ఉండేది కాదు. కానీ ఈ కథలో పిశాచి చచ్చేదే సూర్యకాంతి తగిలి! స్టోకర్ నవల్లో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. సూర్యకాంతితో పిశాచిని చంపడం ఈ సినిమా పెట్టిన ఆనవాయితీ, తర్వాత వచ్చిన వాళ్ళందరూ దీని దగ్గరే అప్పు తెచ్చుకున్నారు. మరి రంగు లేని కాపీలో ఆ పిశాచి, కౌంట్ ఓర్లాక్, తన శవపేటికని తనే మోసుకుంటూ పట్టపగలు ఊళ్ళో నడిచిపోతుంటాడు. చివర్లో అదే ఎండకి చచ్చిపోతాడు! చూసేవాళ్ళు నవ్వకేం చేస్తారు? నీలం ఉంటే ఆ నడకే ఒళ్ళు జలదరింపజేస్తుంది. కాబట్టి యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే నలుపు తెలుపు కాపీని చూసి, ఇదే కదా, డబ్బు తగలేయడమెందుకని ఎవరైనా అంటే ఆ ఒక్క సీన్ రెండు కాపీల్లోనూ పక్కపక్కన వేసి చూపించు.

కాపీని పట్టేందుకు ఇంకో సులువైన గుర్తుంది, పేర్లు. అసలు సినిమాలో పిశాచి పేరు కౌంట్ ఓర్లాక్, కుర్రాడు హుట్టర్, ఊరు విస్‌బోర్గ్. పాత ఇంగ్లిష్ కాపీల్లో వాటిని డ్రాక్యులా, హార్కర్, బ్రెమెన్ అని మార్చేశారు. మధ్యమధ్యలో తెర మీద వచ్చే మాటల కార్డు మీద 'డ్రాక్యులా' కనిపిస్తే పక్కన పెట్టెయ్. ఈ సినిమాలో మాటల కార్డులు ఒట్టి సమాచారం కాదు. ఉత్తరాలు, పిశాచాల పుస్తకం పేజీలు, ఓడ లాగ్‌బుక్, అన్నీ చేతిరాతతో గీసినవి. నీకు జర్మన్ కొంచెం వచ్చు కాబట్టి అవే చదువుకుంటావు. మిగతావాళ్ళ కోసం ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో కొనేముందే చూసుకో, జర్మనీ దుకాణాల్లో కొంటే మరీనూ.

వేగం సంగతి చిన్నదే గానీ చాలామంది పట్టించుకోరు. ఈ సినిమా సెకనుకు 18 ఫ్రేముల చొప్పున ఆడాలి. అప్పుడది 94 నిమిషాలు. ఇప్పటి లెక్కన 24 ఫ్రేములతో పరుగెత్తిస్తే 70 నిమిషాలకే అయిపోతుంది, మనుషులు గిలగిలా కొట్టుకుంటున్నట్టు నడుస్తారు. మూకీలంటే అలాగే ఉంటాయనే అపోహ అక్కడినుంచే వచ్చింది. అట్ట మీద నిడివి చూడు, చాలు.

సంగీతానికి వస్తే, మొదటి ప్రదర్శనకి హాన్స్ ఎర్డ్‌మన్ సమకూర్చింది చాలావరకు పోయింది. దొరికినవాటితో మళ్ళీ కూర్చి ఆర్కెస్ట్రాతో వాయించారు, నేను చెప్పిన బ్లూరేలో ఉన్నది అదే. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2015లో వేసిన డిస్కులో జేమ్స్ బెర్నార్డ్ సంగీతం ఉంటుంది. బ్రిటన్‌లో భయం సినిమాలు తీసిన హామర్ కంపెనీ వాళ్ళ డ్రాక్యులాకి సంగీతమిచ్చిన మనిషే. అది మరింత భయపెడుతుంది. నాకు ఎర్డ్‌మనే ఇష్టం, ప్రతి నీడకీ ఉలిక్కిపడమని చెవిలో అరవడు. మీ గుంపుకి బెర్నార్డ్ నచ్చవచ్చు, నేను పోట్లాడను.

టీవీ సెట్టింగులు ఆ రోజు సాయంత్రం కాదు, ముందురోజే చూసి పెట్టుకో. బొమ్మని కదలికల్లో నున్నగా చేసే సదుపాయం ఒకటుంటుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్ అంటారు. దాన్ని తీసెయ్, లేదంటే వందేళ్ళ సినిమా టీవీ సీరియల్‌లా కనిపిస్తుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించు. తెరకి రెండు పక్కలా నల్లటి ఖాళీ ఉంటుంది, ఉండనీ. ఎవరో ఒకరు రిమోట్ తీసుకుని బొమ్మని తెర నిండా సాగదీస్తారు చూడు, వాళ్ళ చేతికి రిమోట్ ఇవ్వకు. ఓర్లాక్‌గా వేసిన మాక్స్ ష్రెక్ ఆ వేషంలో తాటిచెట్టులా నిలబడితేనే భయం. సాగదీస్తే బొజ్జ వస్తుంది. ఇంకోటి, మీ ఊళ్ళో వేసవిలో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురే కదా. మందపాటి కర్టెన్లు చూసుకో, లేదా అక్టోబరు దాకా ఆగు. నన్నడిగితే అక్టోబరే మేలు.

మొదలుపెట్టే ముందు ఉపన్యాసం ఇవ్వకు. ఒక్కటి మాత్రం చెప్పు: కౌంట్ కోటకి వెళ్ళే బండి అడవిలో పోతున్నప్పుడు బొమ్మ నెగటివ్‌లా, చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా కనిపిస్తుంది. బండి కూడా ఎగిరెగిరి పడుతూ పోతుంది. అది కావాలని చేసింది. చెప్పకపోతే డిస్క్ పాడైందని ఎవరో ఒకరు లేచి ప్లేయర్ దగ్గరికెళ్తారు. సినిమా ఐదు అంకాలుగా ఉంటుంది, టీకో సిగరెట్టుకో ఆపాల్సి వస్తే అంకం చివర ఆపు. మొదట్లో హుట్టర్ నవ్వులూ గంతులూ చూసి జనం నవ్వుతారు. నవ్వనీ. ఓర్లాక్ ఉన్న ఓడ బయల్దేరాక ఎవరూ నవ్వరు.

చూశాక చర్చ వస్తుంది, ముఖ్యంగా జర్మన్ పిల్లలుంటే. ఓర్లాక్ ముక్కు, గోళ్ళు, వెంట ఎలుకలు, ఊరికి మహమ్మారి మోసుకొచ్చే తూర్పు దేశపు మనిషి. ఈ రూపం ఆనాటి యూదు ద్వేషపు కార్టూన్లని గుర్తు తెస్తుందని చాలామంది విమర్శకులు రాశారు. స్క్రీన్‌ప్లే రాసిన హెన్రిక్ గాలీన్ యూదుడేనని ఇంకొందరు గుర్తుచేస్తారు. రెండూ వినాల్సినవే. పెదనాన్న గొప్ప సినిమా అన్నాడు కదా అని నువ్వు వెనకేసుకురానక్కర్లేదు.

తీరిక దొరికితే విస్మార్, ల్యూబెక్ వెళ్ళు. విస్‌బోర్గ్‌గా చూపించింది ఎక్కువగా విస్మార్‌నే. ల్యూబెక్‌లో హోల్‌స్టెన్ గేటు పక్కన, నది ఒడ్డున పాత ఉప్పు గిడ్డంగులు వరుసగా ఉంటాయి, ఓర్లాక్ కొన్న ఇల్లు అవే. కోట మాత్రం అక్కడ కాదు, స్లొవాకియాలో ఒరావా కోట. సినిమా చూసిన తర్వాతే వెళ్ళు, ముందు కాదు.

నాకూ ఒకటి పంపుతానన్నావు. సంతోషం. కానీ బ్లూరేలకి ప్రాంతాలవారీ తాళం ఉంటుంది, రీజియన్ అంటారు. మీ యూరప్ బ్లూరేలు రీజియన్ బి, మన దేశం సి. అట్ట మీద బి అని మాత్రమే ఉంటే ఇక్కడ నా ప్లేయర్లో ఆడదు. కాబట్టి డిస్క్ వద్దు. బదులుగా ఆ బ్లూరేలో 'ది లాంగ్వేజ్ ఆఫ్ షాడోస్' అని ముర్నావ్ మీద డాక్యుమెంటరీ ఉంటుంది. అది చూసి నీకేమనిపించిందో తీరిగ్గా రాయి, మెసేజ్‌లో నాలుగు బొమ్మలు పెట్టి సరిపెట్టకు.

మీ పెద్దమ్మ అడగమంది, పంపిన ఆవకాయ కస్టమ్స్ దాటి నీకు చేరిందా లేదా?

మీ పెదనాన్న