ప్రమోషన్ వచ్చాక మనిషే మారిపోయారు.. ఇది జబ్బా?

ప్రశ్న: మావారికి 44 ఏళ్లు. ఒకప్పుడు పరాయి సొమ్ము ముట్టని మనిషి. రెండేళ్ల కిందట ప్రమోషన్ వచ్చినప్పటి నుంచి టార్గెట్లు తప్ప మరో ధ్యాస లేదు. కిందివాళ్లు చేసిన పనిని తన పేరు మీద చూపిస్తున్నారు. రిపోర్టుల్లో అంకెలు మారుస్తున్నారు. అడిగితే ‘అందరూ చేసేదే’ అంటున్నారు. నిద్ర నాలుగైదు గంటలే. అయినదానికీ కానిదానికీ అరుపులు, ఇంట్లో కూడా అబద్ధాలు. బంధువులంతా ఎదిగారు, మనమెప్పుడని మొదట్లో పోరుపెట్టింది నేనే. ఇది మానసిక జబ్బా? మందులతో తగ్గుతుందా? - ఓ సోదరి

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి ఇది మందులతో నయమయ్యే జబ్బులా అనిపించడం లేదమ్మా. అయినా ఒకసారి సైకియాట్రిస్ట్‌కు చూపించాల్సిందే. ఈ వయసులో మనిషి తీరు మారితే ముందు శరీరాన్ని చూడాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా చిరాకు, నిద్రలేమి వస్తాయి. మద్యం, నిద్ర రాకుండా వేసుకునే మాత్రలు కూడా కారణం కావచ్చు. నిద్ర లేకున్నా అలసట తెలియకపోవడం, విపరీతమైన హుషారు, ఎడాపెడా ఖర్చు ఉంటే బైపోలార్ (అతి హుషారు, దిగులు విడతలుగా వచ్చే జబ్బు) సమస్యేమో చూడాలి. మెదడు ముందు భాగం దెబ్బతినే ఒక రకం డిమెన్షియా (మెదడు క్షీణించే జబ్బు)లోనూ ప్రవర్తన మారుతుంది కానీ అది అరుదు.

ఇవేవీ కాకపోతే మిగిలేది మెల్లమెల్లగా పడిన అలవాటే. స్వలాభం కోసం మొదటిసారి అబద్ధమాడినప్పుడు మెదడులో భయం వంటి ఉద్వేగాలకు కదిలే అమిగ్డాలా అనే భాగం గట్టిగా స్పందిస్తుంది. మళ్లీ మళ్లీ ఆడేకొద్దీ ఆ స్పందన తగ్గుతుంది, అబద్ధం పెద్దదవుతుంది. 2016లో లండన్ పరిశోధకులు స్కానింగ్‌లో దీన్ని గమనించారు. మీవారు మొదటి అంకె మార్చిన రోజు ఆయన చెయ్యి వణికే ఉంటుంది. ఇప్పుడు వణకడం లేదు, అంతే తేడా.

దీనికి తొందర తోడైతే మంచివాళ్లూ మారిపోతారు. 1973లో అమెరికాలో మత బోధన చదువుతున్న విద్యార్థులపై ఒక ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. వాళ్లు ప్రసంగం ఇవ్వడానికి వెళ్లే దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. ఇంకా టైముందని తెలిసిన విద్యార్థుల్లో నూటికి 63 మంది ఆగి సాయపడ్డారు. ఆలస్యమైందన్న తొందరలో ఉన్నవాళ్లలో ఆగింది నూటికి 10 మందే. ఆపదలో ఉన్నవాణ్ని ఆదుకోవడం గురించే మాట్లాడటానికి వెళ్తున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు! వాళ్ల మనసులు చెడ్డవి కావు, పక్కకు చూసే తీరిక లేకుండా చేశారు. రెండేళ్లుగా మీవారి పరిస్థితీ అదే. అలాగని చేసినదానికి ఆయన బాధ్యత తప్పదు. జబ్బని పేరు పెట్టి నేను ఆయన్ని తప్పించలేను.

మీరు పోరుపెట్టానని దాచకుండా రాశారు. అది చాలా మంచిది, సంభాషణ అక్కడి నుంచే మొదలుపెట్టండి. ‘మీరు మోసం చేస్తున్నారు’ అంటే ఆయన తలుపులు మూసేసుకుంటారు. ‘నేనూ మిమ్మల్ని తొందరపెట్టాను, ఇక వద్దు’ అంటే వింటారు. ఉత్తిమాటగా అనకండి. జీతం తగ్గితే, ఈ పదవే పోతే ఇల్లెలా నడుస్తుందో ఇద్దరూ కూర్చుని కాగితం మీద లెక్క వేయండి. భయానికి ఒక అంకె దొరికితే సగం టెన్షన్ దిగిపోతుంది. అంకెలు మార్చడం మాత్రం ఈ నెల నుంచే ఆగాలి. పాతవాటిని ఎలా సరిదిద్దాలో లాయర్‌ను అడగండి.

‘మీ బుద్ధి మారింది, డాక్టర్ దగ్గరికి పదండి’ అంటే ఎవరూ రారు. నిద్ర కోసమని తీసుకెళ్లండి. రోజూ కనీసం ఏడు గంటల నిద్ర లేకపోతే కోపాన్ని అదుపులో పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. నిద్ర కుదుటపడ్డాక కౌన్సెలింగ్‌లో మిగతా విషయాలు ఆయనే విప్పుతారు. ఈలోగా బతుకు మీద విరక్తితో మాట్లాడినా, దొరికిపోతే చచ్చిపోతానన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.