కొత్త లెన్స్ కొనే ముందు పాతదానికి టేపు చుట్టండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి: కెమెరాతో పాటు వచ్చిన లెన్స్ సరిపోవడం లేదు, చవగ్గా ఇంకేం కొనాలి అని. అందుకని ఈసారి ట్రైపాడ్ గొడవలూ ఎడిటింగ్ ప్రశ్నలూ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

అన్నా, ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో కెనాన్ 1500డి కొన్నాను. 18-55 లెన్స్‌తో వచ్చింది. ఇంట్లో తీస్తే మనుషులు మసగ్గా వస్తున్నారు. అందరూ 50 ఎంఎం కొనమంటున్నారు. నా దగ్గర ఇంకో పదివేలు ఉన్నాయి. వచ్చే నెల అక్క సీమంతం, మా ఇంట్లోనే, ఫొటోలు నేనే తీయాలి. కొనెయ్యనా?
*– డిగ్రీ విద్యార్థి, తెనాలి*

కొనొచ్చు తమ్ముడూ, కానీ సీమంతం మొత్తం దాంతోనే తీస్తానంటే మాత్రం గోడకు ఆనుకుపోతావు. ఎలాగో చెప్తాను.

ముందు మసక సంగతి. నీ 18-55 ని జూమ్ చేసి 55 దగ్గర పెడితే దాని కన్ను ఎఫ్/5.6 కన్నా పెద్దగా తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు). ట్యూబ్‌లైట్ వెలుగులో, ఐఎస్ఓ, అంటే వెలుతురుకు స్పందించే సెట్టింగు, 1600 పెట్టినా షటర్ స్పీడ్, అంటే ఫొటోకు వెలుతురు పడే సమయం, సెకనులో ఇరవయ్యో వంతు దగ్గరే ఆగిపోతుంది. ఆ లోపల అక్క నవ్వుతుంది, పిన్ని గాజులు తొడుగుతుంది, చేతులు కదులుతాయి, ఫొటోలో అవన్నీ అలుక్కుపోతాయి. లెన్స్‌లో ఐఎస్ ఉంది కదా అంటావేమో, అది నీ చేతి వణుకును ఆపుతుంది గానీ పిన్ని చేతిని ఆపలేదు. అదే వెలుగులో 50 ఎఫ్/1.8 పెడితే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, అంటే ఇరవయ్యో వంతు కాస్తా రెండొందలో వంతు అవుతుంది. అందరూ 50 కొనమనేది ఇందుకే, అందులో అబద్ధం లేదు.

వాళ్లు చెప్పనిది దూరం గురించి. ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్స్ దగ్గరగా చూపిస్తుంది, ఫ్రేములో పట్టేది తగ్గుతుంది. నీ కెమెరా సెన్సార్ చిన్నది, 50 ఎంఎం దాని మీద 80 ఎంఎం లాగా దగ్గరగా చూపిస్తుంది. కెమెరాను నిలువుగా పట్టుకుని ఒక మనిషిని తల నుంచి పాదాల దాకా తీయాలంటే నువ్వు దగ్గర దగ్గర 15 అడుగులు వెనక్కి వెళ్లాలి. మీ హాలు ఎంత? మన ఇళ్లలో చాలా హాళ్లు 12 అడుగులు, అందులో సోఫా, ఫ్రిజ్, కుర్చీల్లో పెద్దవాళ్లు. పది అడుగుల దూరంలో కెమెరా అడ్డంగా పట్టుకుంటే నాలుగున్నర అడుగుల వెడల్పు పడుతుంది, అంటే భుజాలు రాసుకుంటూ కూర్చున్న ముగ్గురు. చుట్టూ ముత్తైదువలు, ముందు పసుపు, కుంకుమ, చలిమిడి పళ్లాలు, ఇవన్నీ ఫ్రేములోకి రావు.

ఒక పని చెయ్యి. పైసా ఖర్చు లేదు, కరెంటు పనికి వాడే నల్ల టేపు ఉంటే చాలు. 18-55 జూమ్ రింగును 55 అంకెకు కాస్త ముందు, 50 వచ్చే చోట ఆపి, కదలకుండా టేపు చుట్టు. వారం రోజులు ఇంట్లో దాంతోనే తియ్యి, వంటింట్లో అమ్మను, మంచం మీద తాతను. తర్వాత టేపు తీసి 24 దగ్గర చుట్టి ఇంకో వారం. ఫొటోలు చీకటిగా వచ్చినా పట్టించుకోకు, నువ్వు చూడాల్సింది ఎన్నిసార్లు వెనక్కి వెళ్లలేక ఆగిపోయావన్నది. ఒక జాగ్రత్త: టేపు జూమ్ రింగు మీదే ఉండాలి. మూతి దగ్గరి సన్నటి రింగు ఫోకస్ అయ్యేటప్పుడు తనంతట తాను తిరుగుతుంది, దానికి టేపు తగిలిందంటే లోపలి మోటారు మూలుగుతుంది.

24 దగ్గరే హాయిగా ఉందనిపిస్తే కెనాన్‌లో 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం అని బిళ్లలా పల్చటి లెన్స్ ఉంది, 125 గ్రాములు, జేబులో పట్టేస్తుంది. కానీ దాని మీద మరీ ఆశ పెట్టుకోకు. నీ 18-55 కూడా 24 దగ్గర ఎఫ్/4 దాకా తెరుచుకుంటుంది కాబట్టి కొత్తగా వచ్చే వెలుతురు రెండింతలే.

సీమంతానికి నేనైతే ఇలా చేస్తాను. కార్యక్రమం పగలు పెట్టుకోమని ఇంట్లో బతిమాలతాను, అక్క పీటను కిటికీకో వీధి తలుపుకో పక్కగా వేయిస్తాను, మొత్తం దృశ్యం 18-55 తో తీస్తాను, అక్క ముఖం, గాజుల చేతులు 50 తో. 50 ని ఎఫ్/1.8 లోనే ఉంచెయ్యకు. ఐదడుగుల దూరంలో దాని పదును ఆరు సెంటీమీటర్ల మందమే, అక్క కన్ను పదునుగా ఉంటే పక్కనే కూర్చున్న బావ మసగ్గా పోతాడు, ఆ తర్వాత ఆయనకు సమాధానం నువ్వే చెప్పుకోవాలి. ఇద్దరుంటే ఎఫ్/4.

మిగిలిన డబ్బుతో చవక ఫ్లాష్ కొనేద్దామనుకుంటావేమో, ఆగు. కెమెరా నెత్తి మీద ఫ్లాష్ తగిలించే చోటును వెలుగులోకి తిప్పి చూడు. నడిమధ్యలో గుండ్రటి పెద్ద చుక్క ఉందా? కెనాన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 లాంటి వాటిలో ఆ చుక్క తీసేశారు. అది లేకపోతే ఏ కెమెరాకైనా పనిచేస్తుందని అమ్మే సాదా మాన్యువల్ ఫ్లాష్ నీ కెమెరా మీద వెలగదు. ఫ్లాష్ పాడైందని షాపులో గొడవపడ్డ వాళ్లను చూశాను, పాపం ఫ్లాష్ బాగానే ఉంది.

నికాన్ డీ3500 ఉంది సార్. సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం 1.8డి చాలా తక్కువకు దొరికింది. బిగిస్తే ఆటో ఫోకస్ రావడం లేదు. అమ్మినతను లెన్స్ బాగానే ఉందంటున్నాడు. మోసపోయానా?
*– మదనపల్లె*

అతను చెప్పింది నిజమే, మీకు చెప్పాల్సింది చెప్పలేదంతే. ఆ 'డి' లెన్సుల్లో మోటారు ఉండదు, కెమెరాలోని మోటారే వాటిని తిప్పుతుంది. మీ డీ3500 లో ఆ మోటారు లేదు. వెనక్కి తీసుకుంటానంటే ఇచ్చేసి పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉన్నది చూడండి, మీకు 35 ఎంఎం ఎఫ్/1.8జి డీఎక్స్ అయితే ఇంట్లోకి ఇంకా బాగుంటుంది. తీసుకోనంటే మాత్రం పారేయకండి. చేత్తో ఫోకస్ తిప్పుతూ వ్యూఫైండర్ అడుగున ఎడమ మూల చూడండి, సరిగ్గా కుదిరినప్పుడు ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. కదలకుండా కూర్చునే మనుషులకు ఆ చుక్క చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం, ఊహూఁ.

మాది రోల్డ్‌గోల్డ్ నగల వ్యాపారం. ఆన్‌లైన్లో పెట్టడానికి బుట్టలు, ఉంగరాలు నేనే ఫొటో తీస్తాను. కెనాన్, 18-55. మ్యాక్రో లెన్స్ కొనమని మా అబ్బాయి అంటున్నాడు, ధర చూస్తే గుండె గుభేల్‌మంది.
*– గృహిణి, మచిలీపట్నం*

వద్దమ్మా, ఇప్పుడే వద్దు. మీ దగ్గరున్న 18-55 ఈ పనికి 50 ఎంఎం కన్నా నయం, ఇది చాలామందికి తెలియదు. 55 దగ్గర పెట్టి 25 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తే ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేమంతా నిండుతుంది. బుట్టల జత పక్కపక్కన పెడితే సరిగ్గా సరిపోతుంది. ఆ 25 కొలవాల్సింది లెన్స్ మూతి నుంచి కాదు, కెమెరా పైభాగంలో గీత గీసిన చిన్న సున్నా ఉంటుంది చూడండి, అక్కణ్ణుంచి. కాబట్టి మూతి నగకు ఇంకా చాలా దగ్గరికి వచ్చేస్తుంది, నీడ పడకుండా చూసుకోండి.

మీరు డబ్బు పెట్టాల్సింది ట్రైపాడ్ మీద. దానికీ వేలు అక్కర్లేదు, బల్ల మీద పెట్టుకునే పొట్టిదైనా చాలు, ఊగకపోతే అదే గొప్ప. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేసి, రెండో వైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. మెరుగు నగకు చుట్టూ ఏముంటే అదే అందులో కనిపిస్తుంది, మీరు ఎర్ర చీర కట్టుకుని నిలబడితే బుట్టలో ఎర్ర గీత పడుతుంది. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి, లేకపోతే ఒక వైపు నీలం, ఒక వైపు పసుపు వచ్చి కొన్నవాళ్లు రంగు వేరుగా ఉందని వెనక్కి పంపుతారు. ఎఫ్/11, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్, లెన్స్ మీద ఐఎస్ ఆఫ్. బటన్ నొక్కి చేతులు తీసేయండి.

ఒంటి రాయి ముక్కుపుడకల దాకా వచ్చాక అప్పుడు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చూద్దాం, అంటే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే డొల్ల గొట్టాలు. వాటిలో అద్దాలుండవు కాబట్టి చవక. ఇత్తడి రంగు చుక్కలున్నవే తీసుకోవాలి, అవి లేని రకంలో మీ కెమెరా లెన్స్‌తో మాట్లాడలేదు, ఎఫ్ నంబరు మారదు.

ఉప్పలపాడులో పక్షుల ఫొటోల కోసం 75-300 కొందామా, 55-250 కొందామా? 300 ఎక్కువ కదా, పైగా చవక.
*– టీచర్, గుంటూరు*

55-250 ఐఎస్ ఎస్‌టీఎం. ఆ 75-300 చవగ్గా వచ్చేదాంట్లో ఐఎస్ లేదు, 300 దగ్గర ఫొటో పదును లేకుండా మెత్తగా వస్తుంది, ఆ మిగిలిన 50 ఎంఎం కోసం ఇవన్నీ భరించక్కర్లేదు. పైగా ఉప్పలపాడు చెరువులో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చాలా దగ్గరగా చెట్ల మీదే ఉంటాయి, అవేమీ పిచ్చుకలు కావు, 250 కి ఫ్రేము నిండుతాయి. కూర్చున్న పక్షికి షటర్ 1/400 కి తగ్గనివ్వకండి, ఎగిరేదానికి 1/1600. ఉదయం సూర్యుడు మీ వీపు వెనక ఉండే గట్టు మీద నిలబడండి. ఎదురెండలో ఎంత ఖరీదైన లెన్సయినా నల్ల బొమ్మనే ఇస్తుంది.

కెమెరా కొన్నప్పుడు షాపులో యూవీ ఫిల్టర్, బ్యాగు, క్లీనింగ్ కిట్, 64 జీబీ కార్డు కలిపి ఒక కాంబో అంటగట్టారు. పనికొస్తాయా?
*– నిజామాబాద్*

గాలి కొట్టే రబ్బరు బుడ్డి పనికొస్తుంది. మిగతావాటిలో యూవీ ఫిల్టర్ తీసి పక్కన పడేయండి. డిజిటల్ సెన్సార్‌కు దాని అవసరం లేదు, చవక గాజు అయితే రాత్రిపూట దీపాలు తీసినప్పుడు ఆకాశంలో పచ్చటి దయ్యాల్లా ఇంకో వరస దీపాలు కనబడతాయి. లెన్స్‌కు దెబ్బ తగలకుండా కావాలంటే హుడ్, అంటే లెన్స్ మూతికి బిగించే తొడుగు, తగిలించండి, అది ఎదురు వెలుతురునూ ఆపుతుంది. కార్డును ఓసారి పూర్తిగా వీడియోతో నింపి, కంప్యూటర్లో మొదటి నుంచి చివరి దాకా తెరిచి చూడండి. నకిలీ కార్డు మొదట్లో బాగానే పనిచేసి, అసలు కెపాసిటీ దాటాక ఫైళ్లు పాడుచేస్తుంది. ఆ సంగతి పెళ్లిలో తెలియడం కన్నా ఇంట్లో తెలియడం మంచిది.

సముద్రం పక్కనే ఇల్లు. లెన్స్‌కు ఫంగస్ వస్తుందని భయం. బీరువాలో కలరా ఉండలు వేసి పెట్టొచ్చా? బియ్యం డబ్బాలో పెట్టమని ఒకరు అంటున్నారు.
*– కాకినాడ*

రెండూ వద్దు. కలరా ఉండల ఆవిరి అద్దం మీద పొరలా పేరుకుంటుంది, బియ్యంలో ఉండేది దుమ్ము. నా మొదటి 50 ని తోలు కేసులో పెట్టి బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా దాచాను. ఒక వానాకాలం గడిచాక టార్చి వేసి చూస్తే లోపలి అద్దం మీద ఓ మూల నుంచి సాలెగూడు పోగులు పాకాయి. రిపేరు షాపులో చెప్పిన ధరకు ఇంకో పాత లెన్స్ వస్తుంది. తోలు, గుడ్డ, చీకటి, తేమ, ఫంగస్‌కు కావాల్సినవన్నీ నేనే వండి వడ్డించానన్నమాట.

వంటసామాన్ల షాపులో రబ్బరు అంచు మూతతో గాలి చొరబడని డబ్బా దొరుకుతుంది, అది కొనండి. అందులో అర కిలో సిలికా జెల్, రంగు మారే నారింజ రకం, పల్చటి గుడ్డలో మూటకట్టి వేయండి. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి లోపల పెడితే 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోవచ్చు. గింజల రంగు మారినప్పుడు వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగ మీద వేయిస్తే మళ్లీ మొదటి రంగుకు వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, వారానికోసారి కెమెరా బయటికి తీసి వాడండి. ఇక సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు మూతలు రెండూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము రేణువులు పర్వాలేదు. పోగులు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఇప్పుడంతా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలు) కదా. ఈ పాత రకం లెన్సులు కొనడం దండగ కాదా?
*– వరంగల్*

కాదు. కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు మధ్యలో అడాప్టర్ రింగు పెడితే వాళ్ల మిర్రర్‌లెస్ ఆర్ కెమెరాల మీద ఆటో ఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ ఏఎఫ్-ఎస్ కూడా ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో అంతే. మదనపల్లె పాఠకుడి 'డి' లెన్స్ మాత్రం అక్కడా చేత్తోనే తిప్పుకోవాలి. అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు కాబట్టే ఇవి సెకండ్ హ్యాండ్‌లో ఇంత చవగ్గా దొరుకుతున్నాయి, మనకు మంచిదేగా.

50 ఎంఎం కొన్నాను. 18-55 ఎలాగూ వాడను, అమ్మేస్తే ఎంత వస్తుంది?
*– ఏలూరు*

ఓ రెండు బిర్యానీలు ఎక్కువ తినొచ్చు. ఉంచుకోండి, ఇంట్లో ఎవరికైనా సీమంతం ఉండొచ్చు.