‘ఆరేళ్లుగా బీపీ’ అన్న వాక్యాన్ని చెరిపించవద్దు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా వారికి 54 ఏళ్లు. కొబ్బరి తోట, రెండెకరాల వరి ఉన్నాయి. ఈ ఏడాది (2025) కనుమ నాడు వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజులైనా తగ్గలేదు. మూడో రోజు తెల్లవారుజామున గుండె దడదడలాడి, మధ్యమధ్య ఆగినట్టయి, కాళ్లు సత్తువ తప్పి పెరట్లో కూలబడిపోయారు. 108లో చించినాడ వంతెన దాటి భీమవరం చేరేదాకా ఆయన చెయ్యి నేను వదల్లేదు. గుండెపోటే అనుకున్నాం. పొటాషియం 2.3కి పడిపోయి గుండె లయ తప్పిందని చెప్పి ఐసీయూలో మూడు రోజులు, మొత్తం అయిదు రోజులు ఉంచారు. యాంజియోగ్రామ్‌లో అడ్డంకులేమీ లేవు. బిల్లు 2,38,000 రూపాయలు అప్పు తెచ్చి కట్టాం.

డిశ్చార్జ్ సమ్మరీలో ‘ఆరేళ్లుగా బీపీ’ అని ఉందని, 2021లో పాలసీ తీసుకున్నప్పుడు ఆ సంగతి దాచామని మార్చి 6న కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఫారం నింపింది మా ఆడపడుచు భర్త, ఆయనే ఏజెంటు. అంతకుముందు 2017 అక్టోబరు నుంచి వేరే కంపెనీలో మూడు లక్షల పాలసీ ఉండేది. దాన్ని ఆయనే ఇందులోకి మార్పించి అయిదు లక్షలు చేయించారు. 2020లో ధాన్యం డబ్బులు పడక ప్రీమియం కాస్త ఆలస్యంగా కట్టాం తప్ప ఏనాడూ మానలేదు. ఈ అక్టోబరు 11న కట్టాల్సింది మాత్రం మనసు విరిగి ఆపేశాం. ఆసుపత్రిలో తెలిసినాయన ఒకరు ‘ఆరేళ్లు’ను ‘రెండేళ్లు’ చేసి కొత్త సమ్మరీ ఇప్పిస్తానంటున్నాడు. మా ఊరి ఆర్‌ఎంపీ 2023 తేదీ వేసి, బీపీ అప్పుడే వచ్చినట్టు చీటీ రాసిస్తానన్నాడు. అసలు బీపీకని నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) ఇచ్చి ఇంత పని చేసింది ఆయనే. ఆయన మీద కేసు వేయొచ్చా?
— ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ తెల్లవారుజాము గురించే ఉంది. నేను మళ్లీ మళ్లీ చదివింది మాత్రం మీరు దారినపోతూ అన్నట్టు రాసిన ఒక్క ముక్క: ‘2020లో ప్రీమియం కాస్త ఆలస్యంగా కట్టాం’. ఎంత ఆలస్యం? పది రోజులా, నలభై రోజులా? మీ 2,38,000 రూపాయలు వస్తాయా రావా అన్నది ఆ తేదీ మీదే ఉంది. ఆ తేదీ మీరు రాయలేదు.

ఎందుకో చెబుతాను. ఆరోగ్య బీమా పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత ‘ఫలానా జబ్బు చెప్పలేదు’ అన్న సాకుతో కంపెనీ క్లెయిమ్‌ను ఎగ్గొట్టడానికి వీల్లేదు. మోసం రుజువైతే తప్ప. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన ఇది. ఇంతకుముందు ఈ గడువు 8 ఏళ్లు ఉండేది, 2024 ఏప్రిల్ 1 నుంచి 60 నెలలకు తగ్గించారు. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోర్ట్ చేయించుకున్నా పాత కంపెనీలో నడిచిన కాలం కలుస్తుంది. మీది 2017 అక్టోబరు నుంచి లెక్కకొస్తే 60 నెలలు 2022 అక్టోబరుకే నిండాయి. 2021 నుంచి లెక్కేస్తే ఈ జనవరికి 39 నెలలే. కంపెనీ ఉత్తరం 2021 నుంచే మొదలుపెట్టింది చూశారా? 2017 ఊసే లేదు. మీరూ దాన్ని పట్టించుకోలేదు.

ఇంకో సంగతి గమనించండి. ఈ జనవరికి ఆరేళ్లంటే బీపీ 2019 ప్రాంతంలో వచ్చినట్టు. మీ మొదటి పాలసీ 2017ది. అంటే మీరు చెరిపించాలని తాపత్రయపడుతున్న ఆ వాక్యమే, బీపీ మీ మొదటి పాలసీ తర్వాత వచ్చిందని చెబుతోంది. అది మీకు శత్రువు కాదు.

కాబట్టి రెండు కాగితాలు కావాలి. మొదటిది, 2020లో ప్రీమియం ఏ రోజు కట్టారో చూపే బ్యాంకు స్టేట్‌మెంటు. గడువు అక్టోబరు 11 అయితే దాని మీద 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. నవంబరు 10లోపు కట్టి ఉంటే పాలసీ తెగలేదు. మీ బ్యాంకుకు వెళ్లి 2020 అక్టోబరు, నవంబరు నెలల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తీసుకోండి. పాస్‌బుక్కులో అచ్చు చెరిగిపోయిందంటే కుదరదు. నగదుగా కట్టి ఉంటే పాత కంపెనీ రసీదు, అదీ లేకపోతే ఆ కంపెనీకే రాసి చెల్లింపుల వివరం తెప్పించుకోండి.

రెండోది, 2021లో జరిగింది పోర్టింగేనా, లేక మీ బంధువు పాతది వదిలేసి కొత్త పాలసీ అమ్మారా అన్నది. చాలామంది ఏజెంట్లు నోటితో ‘మార్పించాను’ అంటారు, కాగితం మీద కొత్త పాలసీ ఉంటుంది. మీ 2021 పాలసీ షెడ్యూలు తీసి, పాత పాలసీ నంబరు, మొదటిసారి పాలసీ మొదలైన తేదీ అన్న గడులు నిండి ఉన్నాయో లేదో చూడండి. పోర్టింగ్ దరఖాస్తు నకలు ఆయన దగ్గర ఉంటే పట్టుకురండి. పోర్టింగ్‌లో కొత్త కంపెనీ మీ పాత చరిత్రను పాత కంపెనీ నుంచి తెప్పించుకుంటుంది కాబట్టి రెండు చోట్లా ఆనవాలు ఉండి తీరాలి. పెంచిన రెండు లక్షలకు మాత్రం 60 నెలలు 2021 నుంచే లెక్క. మీ బిల్లు మూడు లక్షల లోపే ఉంది గనుక ఆ గొడవ మీకు లేదు.

పాత పాలసీ పుస్తకంలో 8 ఏళ్లని ఉందని కంపెనీ అడ్డం తిరగవచ్చు. మీరు 2024 అక్టోబరులో రెన్యువల్ చేసింది కొత్త నిబంధన వచ్చాక. ఆ రెన్యువల్ కాగితం కూడా జతచేయండి.

ఇక ఆ సమ్మరీ మార్పించే సంగతి. ఖచ్చితంగా చెబుతున్నాను, ఆ ఇద్దరి గడపా తొక్కవద్దు. క్లెయిమ్‌తో పాటు పంపిన అసలు సమ్మరీ కంపెనీ దగ్గర ఉంది. ఆసుపత్రి కేస్‌షీటులో చేరిన రోజు రాసిన చరిత్ర ఉంది. కంపెనీ మనిషి వచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. 60 నెలలు దాటినా మోసం రుజువైతే రక్షణ పోతుందని ఇందాక చెప్పాను కదా? ఇప్పటిదాకా వాళ్ల చేతిలో మోసం లేదు. ఫారంలో బీపీ రాయకపోవడం ఒక్కటే ఉంది. రెండూ ఒకటి కావు, మోసాన్ని రుజువు చేయాల్సింది వాళ్లు. ఆ దొంగ సమ్మరీ, ఆ వెనక తేదీ చీటీ దాఖలు చేసిన రోజున ఆ రుజువు మీరే వాళ్ల చేతిలో పెట్టినట్టు. పైగా భారతీయ న్యాయ సంహిత 336 సెక్షన్ కింద మోసం కోసం పత్రం సృష్టించినవారికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అది నకిలీదని తెలిసీ వాడినవారికి 340 సెక్షన్. సంతకం పెట్టి దాఖలు చేసేది మీ వారు. గుండె బెదిరి లేచిన మనిషిని పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కిస్తారా?

సమ్మరీలో నిజంగా తప్పు పడి ఉంటే దానికి దారి వేరు. వైద్యం చేసిన డాక్టరుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, పాత రాతను అలాగే ఉంచి, సవరణ అని చెప్పి తేదీ, సంతకంతో వివరణ తీసుకోవచ్చు. మీ విషయంలో తప్పే లేదు కాబట్టి దాని జోలికి పోవద్దు.

ఫారం బంధువు నింపారన్నారు. నింపితే నింపారు, మీవారు చదవకుండా సంతకం ఎందుకు పెట్టారు? సంతకం చేశాక ఏజెంటు నింపాడని తప్పించుకోలేరని 2019లో ఒక జీవిత బీమా కేసులో సుప్రీంకోర్టు అంది. 2009లో ఒక మెడిక్లెయిమ్ కేసులో మధుమేహం, కిడ్నీ జబ్బు చెప్పనందుకు తిరస్కరణను సమర్థించింది. అందుకే ‘మాకు తెలియదు, ఆయనే నింపారు’ అన్నదాని మీద మీ కేసు నిలబెట్టకండి. అయితే బీపీ సంగతి ఆయనకు చెప్పినట్టు వాట్సాప్ సందేశంగానీ, మాటల రికార్డుగానీ ఉంటే ఆ ఫోను మార్చవద్దు, అమ్మవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63 సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, అసలు ఫోను ఉంటే ఆ పని తేలిక. ఆడపడుచు కాపురంలో గొడవలొస్తాయని మీకు భయం ఉండొచ్చు. ఆయన్ను ముద్దాయిని చేయక్కర్లేదు. పోర్టింగ్ తానే చేయించానని ఒక అఫిడవిట్ ఇస్తే చాలు.

మిమ్మల్ని గట్టిగా మందలించాల్సింది ఇంకోటి ఉంది. అక్టోబరు 11 ప్రీమియం ఆపడమేమిటమ్మా? ఎనిమిదేళ్లుగా కట్టుకొచ్చిన దారాన్ని కోపంతో మీ చేత్తోనే తెంపుతారా? పాత క్లెయిమ్ దీనివల్ల పోదు. కానీ ఒకసారి ఇలా పడిపోయిన మనిషికి రేపు కొత్త పాలసీ ఎవరిస్తారు? నవంబరు 10 దాకా వెసులుబాటు ఉంది. కట్టేదాకా ఈ మధ్యలో ఆసుపత్రిపాలైతే ఆ ఖర్చుకు రక్షణ ఉండదు. ఇది చదివిన రోజే కట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. కట్టాక ఆయనకు బీపీ ఉందని, ఫలానా మాత్రలు వాడుతున్నారని కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఏడు నెలలుగా మీరు చేసిందల్లా టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్లు, బంధువుకు మొర. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. ఈ వారమే కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. 2017 నుంచి పాలసీ తెగకుండా నడిచిందని, 60 నెలలు దాటిందని, కాబట్టి మార్చి 6 నాటి తిరస్కరణ చెల్లదని, తిరస్కరణకు కంపెనీలోని క్లెయిమ్‌ల సమీక్షా కమిటీ ఆమోదం ఉందో లేదో చెప్పమని రాయండి. కనుమ కథ అందులో వద్దు. ఒక పేజీ చాలు.

నెలలో జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు మీ పక్కనున్న యానాం కూడా ఆ కార్యాలయం కిందిదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. గడువు ఏడాది. మీరు రాసిన ఉత్తరానికి కంపెనీ ఇచ్చిన జవాబు నుంచి ఆ ఏడాదిని లెక్కించే వీలున్నా, నా మాట విని 2026 మార్చి 6నే ఆఖరు రోజుగా పెట్టుకోండి. అంబుడ్స్‌మన్ తీర్పు కంపెనీ పాటించి తీరాలి. మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. రెండు చోట్లా ఒకేసారి వేయడం మాత్రం కుదరదు.

వినియోగదారుల చట్టం 69 సెక్షన్ ప్రకారం కమిషన్‌కు గడువు తిరస్కరణ నుంచి రెండేళ్లు, అంటే 2027 మార్చి. లాయరు నోటీసులు పంపుతూ పోతే గడువు పెరుగుతుందని కొందరు అనుకుంటారు. పెరగదు. మీరుండే చోటికి ఏ జిల్లా కమిషన్ అయితే అక్కడే వేయవచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి పోనక్కర్లేదు. కట్టిన ప్రీమియం అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. మనోవేదనకు పరిహారం కావాలంటే అది అడగాల్సింది అంబుడ్స్‌మన్ దగ్గర కాదు, ఇక్కడ. నా సలహా మాత్రం ముందు అంబుడ్స్‌మన్. మీకు అప్పు వడ్డీ పెరుగుతోంది, అక్కడ త్వరగా తేలుతుంది.

ఆసుపత్రి కాగితాలు కూడా ఇప్పుడే పోగుచేయండి. ఈసీజీ తీసేది వేడికి అచ్చుపడే కాగితం మీద. బీరువాలో ఉంచినా రాత మాసిపోతుంది. ఇవాళే జిరాక్సు తీయించి, ఫోనులో ఫొటో కూడా తీసి పెట్టండి. కేస్‌షీటు నకలు కోసం రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లే దాస్తారు. పొటాషియం ఏ రోజు ఎంతుందో చూపే ల్యాబ్ రిపోర్టులు, డ్రిప్ ఎక్కించిన చార్టు, మానిటర్ రాతలు అడగండి. మీ వైపు ఒంట్లో నీరసం అంటే బోండాం నీళ్లు పట్టిస్తారు కదా, కంపెనీ డాక్టరు కూడా ‘లవణాల లోపానికి ఐసీయూ దేనికి’ అనే అవకాశం ఉంది. 3.5కి పైన ఉండాల్సిన పొటాషియం 2.5కి కింద పడి, గుండె లయ కూడా తప్పితే దాన్ని నరం ద్వారా నెమ్మదిగా, మానిటర్ చూస్తూ ఎక్కించాలి. హడావుడిగా ఎక్కిస్తే గుండె ఆగే ప్రమాదం ఉంది. ఐసీయూ ఎందుకు తప్పలేదో చూసిన డాక్టరు చేత రెండు ముక్కలు రాయించుకోండి.

ఆర్‌ఎంపీ మీద కేసంటారా? ఆయన చేత దొంగ చీటీ రాయించుకుంటూ ఆయన మీదే కేసు ఎలా వేస్తారు? నీళ్ల మాత్ర బీపీకి డాక్టర్లు సాధారణంగా రాసే మందే. అది మూత్రంలో పొటాషియాన్ని బయటికి పంపుతుంది, విరేచనాలు తోడైతే ఇంకా పోతుంది. ఆయన ఏ అర్హతతో ఇచ్చాడు, పరీక్ష చేయించాడా, వాంతులవుతున్నప్పుడు కూడా మింగమన్నాడా అన్నవి తేలాలి. మీ దగ్గర ఒక చీటీ లేదు, మందుల బిల్లు లేదు. పెద్ద డాక్టరు అభిప్రాయం లేకుండా ఆ కేసు నిలవదు. దానికి 2027 జనవరి దాకా సమయం ఉంది, దీనితో కలపవద్దు.

2020లో కట్టింది నవంబరు 10 దాటాక అని తేలితే మాత్రం దారం అక్కడ తెగినట్టే, 60 నెలలు నిండవు. 2021లో జరిగింది పోర్టింగ్ కాదని తేలినా అంతే. అప్పుడు మిగిలే వాదన, ఈ ప్రమాదానికి ప్రధాన కారణం వాంతులు, విరేచనాలేనని, సమ్మరీలోని ఒక్క వాక్యం దానంతట అదే రుజువు కాదని. కమిషన్లు దీన్ని ఒప్పుకున్న కేసులూ ఉన్నాయి, కొట్టేసినవీ ఉన్నాయి. నీళ్ల మాత్ర బీపీదే కనుక కంపెనీకి పట్టు దొరుకుతుంది. ఆ పరిస్థితి వస్తే అంబుడ్స్‌మన్ దగ్గర రాజీకి సిద్ధపడి వెళ్లండి, కొంత మొత్తానికైనా ఒప్పుకోవచ్చు. ముందు బ్యాంకుకు వెళ్లి ఆ రెండు నెలల స్టేట్‌మెంటు తెచ్చి, తేదీ నాకు రాయండి.