డ్రోన్లు వియత్నాం యుద్ధంతోనే మొదలయ్యాయా?

కాదండీ. దానికి దాదాపు యాభై ఏళ్ల ముందే, 1918 అక్టోబరులో, అమెరికాలోని డేటన్‌లో పైలట్ లేని బాంబు విమానం ఒకటి ఎగిరింది. పేరు కెట్టరింగ్ బగ్. దానికంటే ముందు కూడా ప్రయత్నాలు జరిగాయి. 1917లో బ్రిటన్‌లో ఆర్చిబాల్డ్ లో రేడియోతో నడిపే విమానం ఎగరేసి చూపించారు, కానీ కాసేపటికే కూలిపోయింది.

మేం ఒహాయోలోనే ఉంటాం. మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు డేటన్‌లోని ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి తీసుకెళ్లాను (టికెట్ లేదు, ఒక రోజు చాలదు). జెట్ విమానాల దగ్గర పెద్దగా ఆగని మనిషి, ఈ బగ్ నమూనా దగ్గర మాత్రం పాతుకుపోయారు. రెండు వరుసల రెక్కలు, చిన్న ఇంజను, చూస్తే పిల్లల బొమ్మలా ఉంటుంది. అట్టా చెక్కా కలిపి చేశారు, ఖర్చు 400 డాలర్లు. పట్టాల మీద చక్రాల బండి పెట్టి, దాని మీంచి వదిలేవాళ్లు. పేలుడు పదార్థం 80 కిలోల పైనే, దాదాపు 120 కిలోమీటర్లు వెళ్తుంది.

మరి ఎక్కడ పడాలో దానికెలా తెలుస్తుంది? వంకర పోకుండా గైరోస్కోప్, ఎత్తు చూసుకోవడానికి బారోమీటర్ ఉన్నాయి. దూరానికి మాత్రం ఇంజను తిరిగిన చుట్లే లెక్క. ముందే పెట్టిన సంఖ్య రాగానే ఇంజను ఆగి, రెక్కల బోల్టులు ఊడిపోతాయి. మొండెం కింద పడుతుంది.

నాన్నకి తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు ఉండేది. నేను చెప్పింది విని, "ఒరేయ్, ఇది మన వైండింగ్ మిషన్ కౌంటరే కదరా, చుట్లు నిండితే ఆపేయడమేగా" అన్నారు. ఒక్క నిమిషం ఆగి, "మరి ఎదురుగాలి వస్తే?" అన్నారు. అసలు తంటా అక్కడే ఉంది. ఇంజను అన్నే చుట్లు తిరుగుతుంది, విమానం మాత్రం అంత దూరం పోదు. అందుకే వదిలే ముందే గాలి వేగం, దిక్కు చూసి చుట్ల లెక్క కట్టేవాళ్లు. మధ్యలో గాలి మారితే దేవుడే దిక్కు.

ఒక పరీక్షలో అయితే అది చెప్పినట్టు వినకుండా, చక్కర్లు కొట్టి ఎటో వెళ్లిపోయింది. కార్లేసుకుని వెంటపడితే 30 కిలోమీటర్ల పైన, జీనియా ఊరి దగ్గర దొరికింది. ఊళ్లోవాళ్లేమో పైలట్ కోసం వెతుకుతున్నారు! రహస్యం బయటపడకూడదని, వెంట వచ్చిన లెదర్ కోటు అధికారిని చూపించి, "ఇతనే పైలట్, పారాచూట్‌తో దూకేశాడు" అని చెప్పారట. హాప్ ఆర్నాల్డ్ అనే సైనికాధికారి తర్వాత చెప్పిన కథ ఇది. అమెరికా సైనిక పైలట్లకు అప్పటికి పారాచూట్లే లేవు, ఆ సంగతి పాపం ఆ రైతులకేం తెలుసు.

నవంబరులో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిపోయింది. బగ్ ఒక్కసారి కూడా యుద్ధంలోకి వెళ్లలేదు.

ఇది డ్రోన్ కాదు, క్షిపణికి తాత అనేవాళ్లున్నారు. నాకూ సగం అలాగే అనిపిస్తుంది, ఎందుకంటే ఇది వెళ్తే తిరిగి రాదు. 1935 నాటి క్వీన్ బీ (రాణి తేనెటీగ) అనే పైలట్ లేని బ్రిటిష్ విమానం మాత్రం రేడియో మాట వినేది, ఫిరంగుల వాళ్లు గురి నేర్చుకోవడానికి వాడేవాళ్లు. డ్రోన్ అంటే మగ తేనెటీగ, ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందంటారు. మీరు విన్న వియత్నాం కథ అమెరికాలోని ర్యాన్ కంపెనీ చేసిన ఫైర్‌బీ అనే పైలట్ లేని జెట్ విమానాల రకాలది. 1964 నుంచి 1975 వరకు ఫొటోలు తీయడానికీ నిఘాకీ 3,400 సార్లకు పైగా వెళ్లాయి. పెద్ద విమానం రెక్క కింద నుంచి వదిలేవాళ్లు. పని అయ్యాక అది పారాచూట్ విప్పుకుని దిగుతుంటే, హెలికాప్టర్ వచ్చి గాల్లోనే కొక్కెంతో పట్టుకునేది.