నల్గొండలో వచ్చిన సీటు వదులుకోవాలా?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రాలేదని, తెలంగాణ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా నల్గొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో వచ్చిన సీటు వదిలి ఏడాది ఆగి మళ్లీ రాయాలా అని మీరు అడిగారు. నా అభిప్రాయంలో చేరడమే మంచిది.

ముందుగా మీ ర్యాంకు ఎందుకు తగ్గిందో నిజాయితీగా చూసుకోండి. పరీక్షనాటి అనారోగ్యం వంటి తాత్కాలిక కారణమైతే రెండో ప్రయత్నానికి అర్థముంది. అయితే దానికి ఇంట్లో ఖాళీగా కూర్చోనవసరం లేదు, ఎందుకంటే ఎమ్మెస్సీ చదువుతూనే సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ మళ్లీ రాయవచ్చు. ఫిజికల్ కెమిస్ట్రీ వంటి అధ్యాయాల్లో పునాదే బలహీనంగా ఉంటే, దాన్ని తరగతి గదీ ప్రయోగశాలా సరిచేసినంతగా ఒంటరి చదువు సరిచేయలేదు. నేను మహబూబ్‌నగర్‌లో అలా ఒక ఏడాది ఆగాను. ట్యూషన్లు చెప్పుకుంటూ, బంధువుల ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ గడిపిన ఆ కాలంలో చదివింది చాలా తక్కువ, రెండోసారి ర్యాంకు మొదటిదానికంటే దిగజారింది.

మీ లక్ష్యం పరిశోధన అన్నారు కదా. పరిశోధనలో చేరడానికి రాసే జాతీయ పరీక్షలు సీఎస్ఐఆర్ నెట్, గేట్‌ల సిలబస్ ఏ విశ్వవిద్యాలయంలో చదివినవారికైనా ఒకటే. నెట్‌కు జనరల్ అభ్యర్థులకు ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులు కావాలి కనుక, తరగతి మార్కులను నిర్లక్ష్యం చేయకండి.

చేరే ముందు మాత్రం ఒక పని తప్పక చేయండి: క్యాంపస్‌కు వెళ్లి, రెండో ఏడాది విద్యార్థులతో మాట్లాడి, ప్రయోగశాల తరగతులు నిజంగా ఎంత క్రమంగా జరుగుతున్నాయో అడగండి. మధ్యలో మానేస్తే టీసీ, ఫీజు ఎలా తిరిగి ఇస్తారో కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి.